పాసైతే చాలా, ర్యాంకే కావాలా? సీఏ మార్కుల అసలు లెక్క

రెండు మార్కుల మెమోలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇద్దరు స్నేహితులు సీఏ ఇంటర్‌లో (ఫౌండేషన్ తర్వాత, ఫైనల్‌కి ముందు వచ్చే మెట్టు) మొదటి గ్రూపు రాశారనుకోండి. అబ్బాయికి అకౌంట్స్‌లో 51, లాలో 50, టాక్స్‌లో 49 వచ్చాయి. అమ్మాయికి అకౌంట్స్‌లో 62, లాలో 38, టాక్స్‌లో 58 వచ్చాయి. అబ్బాయి మొత్తం 150, అమ్మాయి మొత్తం 158. పాసైంది అబ్బాయి. ఎనిమిది మార్కులు ఎక్కువ తెచ్చుకున్న అమ్మాయి గ్రూపు పోయింది.

ఇంటర్మీడియట్‌లో వెయ్యికి 970 చూసిన ఇంట్లో ఈ మెమోలు రెండూ ఓ పట్టాన అర్థం కావు. అబ్బాయి స్వీట్లు తెస్తే "యాభై ఒకటికి స్వీట్లేంట్రా?" అంటారు. అమ్మాయి ఏడుస్తూ కూర్చుంటే "అరవై రెండు ఫస్ట్ క్లాసే కదమ్మా" అంటారు. వాళ్ల తప్పేం లేదు. బడి నుంచి జూనియర్ కాలేజీ దాకా మనం చూసిన మార్కులు వేరు. అక్కడ ప్రతి మార్కుకీ ఒకటే విలువ, ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. సీఏలో 39 నుంచి 40కి వెళ్లే ఒక్క మార్కు ఖరీదు నాలుగు నెలలు. 72 నుంచి 73కి వెళ్లే మార్కుకి చాలామంది విషయంలో ఏ ఖరీదూ లేదు. "పాసైతే చాలు" అనేవాళ్లకీ "ర్యాంకే కొట్టాలి" అనేవాళ్లకీ మధ్య వాదన ఎన్నేళ్లయినా తెగకపోవడానికి కారణం, ఏ మార్కు ఎంత విలువైందో ఇద్దరూ చూడకపోవడమే.

నాలుగు గీతలు

ముందు నిబంధనలు చెప్పుకుందాం. 2024 మే నుంచి నడుస్తున్న కొత్త పద్ధతిలో ఇంటర్‌కీ ఫైనల్‌కీ ఆరేసి పేపర్లు. రెండు గ్రూపులు, గ్రూపుకి మూడు పేపర్లు, పేపరుకి 100 మార్కులు. గ్రూపు పాసవ్వాలంటే ప్రతి పేపర్లో కనీసం 40 రావాలి, మూడూ కలిపి 150 రావాలి. ఒకటి తీరి ఇంకోటి తీరకపోతే లాభం లేదు. 45, 48, 52 వచ్చాయనుకోండి, విడిగా ఏ పేపరూ పోలేదు, కానీ మొత్తం 145 కాబట్టి గ్రూపు పోయింది.

రెండు గ్రూపులూ ఒకేసారి రాస్తే ఒక వెసులుబాటు ఉంది. ఆరు పేపర్లలోనూ 40కి తగ్గకుండా, 600కి 300 వస్తే రెండు గ్రూపులూ పాసే. ఒకదాంట్లో 138 వచ్చి ఇంకోదాంట్లో 165 వచ్చినా గట్టెక్కుతారు. దీన్నే పిల్లలు 'సెట్ ఆఫ్' అంటారు.

ఇంతవరకు పేపరుకి 40, మొత్తం మీద సగటు 50 అనే రెండు గీతలు అందరికీ తెలుసు. మూడోది 60. గ్రూపు పోయినా, అందులో ఏ పేపర్లోనైనా 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే దానికి ఎగ్జెంప్షన్ వస్తుంది. తర్వాతి మూడు అటెంప్టుల దాకా ఆ పేపరు రాయక్కర్లేదు, దాని మార్కులు మాత్రం మొత్తంలో కలుస్తాయి. ఇందులో ఒక మెలిక ఉంది. గ్రూపులో అన్ని పేపర్లకీ హాజరై ఉండాలి. రెండో పేపరు చెడిపోయిందని మూడో పేపరు రోజు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాళ్లు, మొదటి పేపర్లో రావలసిన 64ని కూడా చేజేతులా పారేసుకున్నట్టే. ప్రతి బ్యాచ్‌లోనూ ఇలాంటివాళ్లు ఒకరిద్దరు కనిపిస్తారు.

నాలుగో గీత ర్యాంకు. అది ఎక్కడుంటుందో ఎవరూ ముందుగా చెప్పరు, ఎందుకంటే అది మీ చేతిలో కన్నా మిగతావాళ్ల చేతిలో ఎక్కువ ఉంటుంది. 2024 నవంబరు ఫైనల్‌ని చూడండి. ఆలిండియా మొదటి ర్యాంకు ఇద్దరికి కలిసి వచ్చింది, ఒకరు హైదరాబాద్, ఒకరు తిరుపతి. ఇద్దరికీ 600కి 508. రెండో ర్యాంకు 501. ఆ విడత రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్లు 30,763 మంది, రెండూ పాసైనవాళ్లు 4,134 మంది, అంటే 13.44 శాతం. మెరిట్ లిస్టు 50వ ర్యాంకుతో ఆగిపోతుంది. పాసైనవాళ్లలోనే సుమారు ఎనభై మందికి ఒక్కరు. విజయవాడలోనో గుంటూరులోనో కోచింగ్ సెంటర్ల ముందు కట్టే ఫ్లెక్సీలో ఆ ఒక్కరి ఫొటో ఉంటుంది. మిగతా డెబ్బై తొమ్మిది మంది సీఏలు ఎక్కడా కనపడరు, వాళ్ల వెనక ఆగిపోయిన వేలమంది అసలే కనపడరు. ఫ్లెక్సీ చూసి లక్ష్యం పెట్టుకుంటే వచ్చే చిక్కు ఇదే.

యాభైకి గురిపెడితే

"మనకి ర్యాంకులొద్దు, యాభై వస్తే చాలు" అనే మాట వినయంగా, తెలివిగా వినిపిస్తుంది. లెక్క వేస్తే అది ప్రమాదకరమైన మాట.

చదువులో మీకున్న పట్టు ఎంతో, పేపర్లో మార్కు సరిగ్గా అంతే రాదు. వదిలేసిన చాప్టర్ నుంచే పెద్ద ప్రశ్న పడొచ్చు. బ్యాలెన్స్ షీట్‌లో ఒక సున్నా జారిపోవచ్చు. మీరు పేజీ చివర ఇరికించి రాసిన వర్కింగ్ నోట్ దిద్దేవారి కంట పడకపోవచ్చు. కాబట్టి మార్కు ఎప్పుడూ అటూఇటూ ఊగుతుంది. పేపరుకి ఏడు మార్కులు ఊగుతుందనుకుందాం. ఏడు అన్నది ఎక్కడో అచ్చయిన అంకె కాదు, లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నది. ఫౌండేషన్‌లో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకి ఇది స్టాండర్డ్ డీవియేషన్ అని ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మూడు పేపర్ల మొత్తం మీద ఆ ఊపు 12 మార్కుల దాకా అవుతుంది.

ఇప్పుడు చూడండి. సగటున 50 స్థాయికి చదివినవాళ్ల మొత్తం 150 చుట్టూ ఊగుతుంది. పదిసార్లు రాస్తే ఐదుసార్లు పైన పడుతుంది, ఐదుసార్లు కింద పడుతుంది. బొమ్మా బొరుసా ఆటే. పైగా 40 షరతు ఒకటుంది కాబట్టి అసలు అవకాశం సగం కన్నా కొంచెం తక్కువే. అదే 55 స్థాయికి చదివితే పదికి దాదాపు తొమ్మిదిసార్లు పాసవుతారు. 60 స్థాయికి వెళ్తే వందకి తొంభై తొమ్మిదిసార్లు. 65కి వెళ్తే? అదే తొంభై తొమ్మిది, ఇంకో వెంట్రుకవాసి ఎక్కువ.

అంటే 50 నుంచి 55కి వెళ్లే ఐదు మార్కుల చదువు అన్నిటికన్నా గిట్టుబాటు. 55 నుంచి 60 వరకూ ఫరవాలేదు, ఎగ్జెంప్షన్ అనే ఇన్సూరెన్స్ కూడా వస్తుంది. 60 తర్వాత ప్రతి మార్కూ పాసు కోసం కాదు, ఇంకెందుకో. నిజ జీవితంలో లెక్క దీనికన్నా కొంచెం కఠినంగానే ఉంటుంది. జ్వరం వస్తే ఒక్క పేపరు చెడి ఊరుకోదు, మూడూ కలిసి చెడతాయి. అప్పుడు ఊపు 12 కన్నా ఎక్కువవుతుంది, 55 కూడా అంత భద్రం కాదు.

"పాసైతే చాలు" అనేవాళ్లు చదివే తీరు కూడా ఇందులో ఒక భాగం. చాప్టర్లని ప్రాముఖ్యాన్ని బట్టి ఏ, బీ, సీ అని విడగొట్టి సీ మొత్తం వదిలేస్తారు. ఏబీసీ విభజన తప్పు కాదు, ఏది ముందు చదవాలో చెప్పడానికి అది పనికొస్తుంది. ఏది చదవక్కర్లేదో చెప్పడానికి వాడితేనే తంటా. ఫైనల్‌లో ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపరుకి ఇండ్ ఏఎస్ 109 (ఆర్థిక సాధనాల మీద ఉన్న అకౌంటింగ్ స్టాండర్డ్) కష్టమని పక్కన పెట్టేవాళ్లుంటారు. ఇలాంటివి కొన్ని కలిపి 30 మార్కుల సిలబస్‌ని వదిలేసి మిగతా 70లో 50 తేవాలంటే, చదివినదాంట్లో 70 శాతం పైన రాబట్టాలి. పాసు చాలన్నవాళ్లు తమకు తెలియకుండానే ర్యాంకర్ల స్థాయి ఖచ్చితత్వాన్ని నెత్తినేసుకున్నారన్నమాట.

ఎనభైకి గురిపెడితే

ర్యాంకు కోసం చదివేవాళ్ల కష్టం ఇంకో రకం. 80కి కావలసిన చదువు 60 చదువుకి కొనసాగింపు కాదు. 60కి సిలబస్ అంతా ఒకసారి పూర్తయి, రెండుమూడు రివిజన్లు పడి, టైము పెట్టుకుని మాక్ పేపర్లు రాస్తే దారి దొరుకుతుంది. 80కి తప్పులు దాదాపు ఉండకూడదు. ఇంటర్‌లోనూ, ఫైనల్‌లో చాలా పేపర్లలోనూ 30 మార్కులకి బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి, అందులో 26, 28 రావాలి. మిగతా 70లో అకౌంటింగ్ స్టాండర్డ్‌లో ఉన్న భాష ఉన్నది ఉన్నట్టే ఉండాలి, కొత్త సవరణలు వేలికొసల మీద ఉండాలి, సెక్షన్ నంబరు తడబడకూడదు.

ఇలా చదవగలిగేవాళ్లు ఉన్నారు, వాళ్లకి నేను అడ్డు చెప్పను. నేను చూసిన చిక్కల్లా, అలా చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయేవాళ్లతోనే. మొదటి చాప్టర్‌కి వారం. రంగురంగుల పెన్నులతో నోట్సు. మూడో నెలకి సగం సిలబస్ నూటికి నూరు పాళ్లు వస్తుంది, మిగతా సగం తాకనైనా లేదు. పరీక్ష దగ్గర పడగానే "ఈసారి రాస్తే మామూలు పాసే వస్తుంది, వచ్చే అటెంప్ట్‌కి ర్యాంకు కొడదాం" అని వదిలేస్తారు. ఫౌండేషన్, ఇంటర్ ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి, 2025 నుంచి ఫైనల్ కూడా అంతే. వాయిదా వేయడం ఇప్పుడు ఇంకా సులువు. ఏడాదికి రెండే అవకాశాలున్నప్పుడు ఆర్నెల్లు పోతాయన్న భయమైనా ఉండేది.

పరీక్ష హాల్లో కూడా ఈ తేడా బయటపడుతుంది. ఫైనల్ చివరి పేపరు తప్ప మిగతావన్నీ మూడు గంటలు, 100 మార్కులు. అంటే మార్కుకి నిమిషం 48 సెకన్లు. 14 మార్కుల ప్రశ్నకి 25 నిమిషాలు. కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల ఖాతాలు కలిపే) లెక్క తేలట్లేదని పట్టుదలకి పోయి 45 నిమిషాలు దాని మీదే కూర్చుంటే, ఆఖర్లో పదకొండు మార్కులు తాకకుండా ఇచ్చి రావాలి. 80 మార్కులకి మాత్రమే జవాబులు రాసి అందులో 65 శాతం తెచ్చుకుంటే వచ్చేది 52. 95 మార్కులకి రాసి 60 శాతం తెచ్చుకుంటే 57. అందంగా రాసిన సగం పేపరు కన్నా, కొంచెం గజిబిజిగానైనా పూర్తిగా రాసిన పేపరుకే మార్కులు ఎక్కువ. దిద్దేటప్పుడు స్టెప్పులకి మార్కులేస్తారు, ఏ ప్రశ్నకైనా మొదటి నాలుగు స్టెప్పులు తేలిక, చివరి రెండు కష్టం. తేలికైనవన్నీ ఏరుకుని ఆ తర్వాత కష్టమైన వాటికి వెళ్లాలని ఎవరైనా చెప్తారు, ర్యాంకు మీద కన్నేసినవాళ్లకి మాత్రం ఒక ప్రశ్నని సగంలో వదలడానికి మనసొప్పదు.

ఆ తర్వాత ఎవరడుగుతారు?

పాసయ్యాక మార్కుల విలువ ఎంతకాలం ఉంటుంది? మొదటి ఉద్యోగం దాకా అని చెప్పొచ్చు. క్యాంపస్ ఇంటర్వ్యూలకి షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు ర్యాంకు ఉందా, రెండు గ్రూపులూ ఒకేసారి పాసయ్యారా, ఎన్ని అటెంప్టులు, ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) ఎక్కడ అని చూస్తారు. కొన్ని కంపెనీలు శాతం కూడా చూస్తాయి. ర్యాంకు ఉంటే తలుపు తప్పకుండా తొందరగా తెరుచుకుంటుంది. లేకపోతే, 54 శాతం వచ్చినవారికీ 59 వచ్చినవారికీ తేడా కన్నా ఒక అటెంప్ట్‌కీ నాలుగు అటెంప్టులకీ తేడా పెద్దది. ర్యాంకు కోసం ఒక అటెంప్ట్ వదులుకోవడం ఇక్కడే ఎదురు తిరుగుతుంది.

ఐదేళ్లు పోయాక ఆడిట్ రిపోర్టు కింద సంతకం పెట్టే సీఏకి ఉండేవి సభ్యత్వ నంబరు, ఆ పత్రానికి తీసుకున్న యూడిన్ అనే 18 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య. అక్కడ మార్కులు వేసుకోవడానికి చోటే లేదు. జీఎస్టీ నోటీసు పట్టుకుని వచ్చిన వ్యాపారి "ఇన్‌డైరెక్ట్ టాక్స్‌లో మీకెంత?" అని అడగడు. అయితే "పాసు చాలు" అన్నవాళ్లు ఈ మాట పట్టుకుని సంబరపడక్కర్లేదు. ఆ వ్యాపారి తెచ్చిన నోటీసు, మీరు సీ కేటగిరీ అని వదిలేసిన చాప్టర్‌లోదే అయి ఉండొచ్చు. మార్కు మాయమైపోతుంది, వదిలేసిన చాప్టర్ మాత్రం ఆఫీసుకి వెతుక్కుంటూ వస్తుంది.

సీఏ పరీక్షలు నడిపే సంస్థ ఐసీఏఐ తన పరీక్షల్లోనే రెండు పద్ధతులూ పెట్టుకుంది. ఫౌండేషన్‌లో 70 శాతం, ఆపైన వస్తే డిస్టింక్షన్ అంటుంది. ఫైనల్‌కి ముందు పూర్తి చేయాల్సిన సెల్ఫ్ పేస్డ్ ఆన్‌లైన్ మాడ్యూళ్లకి మాత్రం 50 శాతం వస్తే చాలు, ఆ మార్కులు ఫైనల్ 600లో కలవవు. ఆ మాడ్యూళ్లలో 90 కోసం తాపత్రయపడేవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది గానీ, ఆ నెల రోజులు డైరెక్ట్ టాక్స్‌కి ఇచ్చి ఉంటే బాగుండేది.

మిగతా పరీక్షల పద్ధతి కూడా ఇలాగే ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటుంది. హైదరాబాద్‌లో ఇప్పుడు చాలామంది రాస్తున్న అమెరికా అకౌంటెంట్ల పరీక్ష సీపీఏలో పాసు మార్కు 75. అది శాతం కాదు, 0 నుంచి 99 దాకా ఉన్న కొలబద్ద మీద ఒక చుక్క. అందుకే అక్కడి అభ్యర్థులు 75 వచ్చినవాడే సరిగ్గా చదివినవాడని, 90 వచ్చినవాడు టైము వృథా చేసుకున్నాడని జోకులేసుకుంటారు. అయినా అక్కడా ఎలైజా వాట్ సెల్స్ అవార్డని ఒకటుంది. నాలుగు సెక్షన్లూ మొదటి ప్రయత్నంలోనే పాసై, సగటు 95.50 దాటినవాళ్లకి ఇస్తారు. బ్రిటన్ అకౌంటెంట్ల పరీక్ష ఏసీసీఏలో ప్రతి పేపరుకీ 50. పెట్టుబడుల రంగంలోవాళ్లు రాసే సీఎఫ్ఏలో ర్యాంకులే లేవు. మూడు లెవెళ్లూ వరసగా మొదటిసారే పాసయ్యానని, అది నిజమైతే, చెప్పుకోవచ్చు. దాన్ని చూపించి ఇతరుల కన్నా మెరుగైన లాభాలు తెస్తానంటే మాత్రం ఆ పరీక్ష నడిపే సంస్థ నీతి నియమావళి ఒప్పుకోదు. పరీక్షలో ముందుండటానికీ పనిలో ముందుండటానికీ మధ్య ఇంత స్పష్టంగా గీత గీసినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక మొదట్లో చూసిన అమ్మాయి సంగతి. ఆమెకి లాలో రెండు మార్కులు తగ్గి గ్రూపు పోయింది. ఇంట్లో అందరూ ఆ రెండు మార్కుల గురించే మాట్లాడతారు. టాక్స్‌లో తగ్గిన రెండు మార్కులు ఎవరికీ గుర్తురావు. అక్కడ 58 కాకుండా 60 వచ్చి ఉంటే ఆమెకి రెండు ఎగ్జెంప్షన్లు దక్కేవి, మిగిలేది లా ఒక్కటే. ఇప్పుడు అకౌంట్స్ 62 నిలిచింది, టాక్స్ 58 గాలికి పోయింది. వచ్చే అటెంప్ట్‌లో లా, టాక్స్ రెండూ రాయాలి, రెండూ కలిపి 88 రావాలి, ఏదీ 40కి తగ్గకూడదు. పోయినసారి ఆ రెండిటిలో ఆమెకి వచ్చింది 96.

సగటు 44 చాలు కదా అనిపిస్తుంది. అదే పాత ఉచ్చు. 44కి చదివితే 88కి అటూఇటూ ఊగుతుంది, మళ్లీ బొమ్మా బొరుసా. ఆమె చదవాల్సింది 60కే. లాలో సొంత మాటలతో కథ చెప్పడం మానేసి, చట్టం ఏం చెప్తుందో ముందు రాసి, దాన్ని ఇచ్చిన కేసుకి అన్వయించి, చివర తేల్చి చెప్పే అలవాటు చేసుకుంటే 38 నుంచి 55కి రావడం అసాధ్యమేం కాదు. ఈ నాలుగు నెలలూ లా మీదే పడి, "టాక్స్ వచ్చేసిందిలే" అని ఆ పుస్తకాన్ని మాత్రం అటకెక్కించకూడదు.